బడిలో ఏం జరిగిందంటే ‘ఏమీ లేదు’ అంటారెందుకు?

సాయంత్రం పాప బడి నుంచి వస్తుంది. బ్యాగు ఒక మూల, బూట్లు ఇంకో మూల. ‘ఈ రోజు స్కూల్లో ఏం చేశారు?’ అని అమ్మో నాన్నో అడుగుతారు. ‘ఏమీ లేదు’ అంటుంది. మళ్లీ అడిగితే ‘ఆడుకున్నాం’, ఇంకోసారి అడిగితే ‘రాసుకున్నాం’. మాట అక్కడితో ఆగిపోతుంది. తోటి పిల్లల మధ్య ఆరేడు గంటలు గడిపిన రోజు, అందులోని నవ్వులూ గొడవలూ కొత్త పాఠాలూ, అన్నీ ఆ రెండు ముక్కల వెనక ఉండిపోతాయి. పాప ఏదో దాస్తోందేమోనని ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది. లేదంటే బడిలో నిజంగానే ఏమీ చెప్పడం లేదేమో అనిపిస్తుంది. చాలాసార్లు రెండూ నిజం కావు.

చిన్నపిల్లల జ్ఞాపకం పనిచేసే తీరే అలాంటిది. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ ఫైవుష్ కిండర్‌గార్టెన్‌లో అప్పుడే చేరిన పిల్లలతో మాట్లాడి చేసిన అధ్యయనం ఒకటి 1984లో అచ్చయింది. బడి తెరిచిన రెండో రోజున ఒకసారి, ఆ తర్వాతి వారాల్లో మరికొన్నిసార్లు, బడిలో ఏం జరుగుతుందో చెప్పమని ఆమె పిల్లల్ని అడిగారు. రెండో రోజుకే వాళ్లు జరిగిన సంగతులు కాకుండా రోజూ జరిగే వరస చెప్పడం మొదలుపెట్టారు. ముందు ఇది చేస్తాం, తర్వాత అది చేస్తాం అన్నట్టుగా. అంటే బడి రోజు వాళ్ల మనసులో చాలా తొందరగా ఒక అలవాటుగా కుదురుకుంటుంది. అలవాటులో కలిసిపోయిన దాన్ని విడదీసి చెప్పడం ఎవరికైనా కష్టమే. పెద్దవాళ్లను ‘ఆఫీసులో ఏంటి సంగతి?’ అని అడిగితే వచ్చే జవాబు కూడా ‘ఏముంది, మామూలే’ అనే కదా.

ఫైవుష్, జూడిత్ హడ్సన్, కాథరిన్ నెల్సన్ కలిసి చేసిన మరో పరిశోధన ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒక కిండర్‌గార్టెన్ తరగతి పురావస్తు మ్యూజియం చూసి వచ్చింది. ఆరు వారాల తర్వాత, ఏడాది తర్వాత ఆ పిల్లలకు ఏం గుర్తుందో అడిగారు. ఆరేళ్లు గడిచాక వాళ్లలో కొందరిని కలిసి మళ్లీ అడిగారు. మ్యూజియం గురించి ఊరికే చెప్పమంటే తట్టని సంగతులు, అక్కడ ప్రత్యేకంగా జరిగిన ఒక విషయాన్ని గుర్తుచేసినప్పుడో, ఆ రోజు ఫోటోలు చూపించినప్పుడో బయటికి వచ్చాయి. జ్ఞాపకం ఎక్కడికీ పోలేదు, దాన్ని పట్టి లాగే కొస దొరకాలి, అంతే.

బడి నుంచి ఇంటికి చేరే కబురు చేయాల్సిన ముఖ్యమైన పని ఆ కొసను అందించడమే. పెద్దవాళ్లకు విషయం తెలియజేయడం అందులో సగం మాత్రమే. మిగతా సగం, ఆ కబురు పట్టుకుని పెద్దవాళ్లు పిల్లలతో మాట కలపగలగడం. ‘ఏం చేశారు?’ అని అడిగే ఇంటికీ, ‘గాజు సీసాలో పెట్టిన చిక్కుడు గింజకు ఈ రోజు వేరు వచ్చిందటగా, ఎటువైపు వచ్చింది?’ అని అడగగలిగే ఇంటికీ చాలా తేడా ఉంది. రెండో ఇంట్లో పాప నోరు తెరుస్తుంది. గింజతో మొదలుపెట్టి, ఆ సీసాను ఎవరు కదిలించారో, టీచర్ ఏమన్నారో, తను ఎందుకు ఏడ్చిందో కూడా చెప్పేస్తుంది.

ఇంటికి చేరేవి, చేరనివి

చాలా ప్రాథమిక పాఠశాలల నుంచి ఇళ్లకు వెళ్లే సమాచారాన్ని ఒకచోట పేర్చి చూస్తే ఒక విషయం కనబడుతుంది. సెలవుల తేదీలు, ఫీజు గడువులు, యూనిఫాం నిబంధనలు, పరీక్షల టైంటేబుల్, పేరెంట్స్ మీటింగ్ పిలుపు, వార్షికోత్సవం ఫోటోలు. అన్నీ అవసరమైనవే. కానీ వీటిలో ఏదీ మంగళవారం పదకొండు గంటలకు రెండో తరగతి గదిలో ఏం జరుగుతోందో చెప్పదు. ఏడాదిలో రెండు మూడు పండగ రోజుల గురించి వంద ఫోటోలు వస్తాయి, మిగిలిన రెండు వందల మామూలు రోజుల గురించి ఒక్క మాటా రాదు. పిల్లలు నిజంగా బతికేది ఆ మామూలు రోజుల్లోనే.

మామూలు రోజంటే చిన్న చిన్న విషయాల మూట. పక్కన ఎవరు కూర్చున్నారు, వరసలో ముందు నిలబడే వంతు ఎవరిది, టీచర్ ఏ కథ చదివారు, అది ఎక్కడ ఆగింది, ఇంటర్వెల్‌లో ఏ ఆట కొత్తగా మొదలైంది, ఎవరి పన్ను ఊడింది, టీచర్ రాని రోజు ఎవరు వచ్చారు. ఆరేళ్ల పిల్లకు బడి అంటే ముందు ఇవే, సిలబస్ తర్వాత. పొద్దున బడికి వెళ్లనని మొండికేసే పిల్ల వెనక చాలాసార్లు ఇలాంటి చిన్న కారణమే ఉంటుంది. సీటు మార్చారు, లేదా బాత్రూమ్ తలుపు గడియ గట్టిగా ఉంది. ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. తెలియకపోతే వారం రోజుల టెన్షన్.

టీచర్ రాసే వాక్యం ఎలా ఉండాలన్నది కూడా ఇక్కడి నుంచే తేలుతుంది. ‘ఈ వారం గణితంలో స్థాన విలువలు నేర్పాం’ అన్న వాక్యంలో తప్పేమీ లేదు, కానీ దాన్ని పట్టుకుని ఏ అమ్మా ఏ బిడ్డతోనూ మాట్లాడలేదు. ‘పుల్లల్ని పదేసి చొప్పున కట్టలు కట్టి లెక్కపెట్టాం. 43 పుల్లలుంటే ఎన్ని కట్టలవుతాయో, ఎన్ని విడిగా మిగులుతాయో చూపించమని అడగండి’ అని రాస్తే ఇంట్లో ఆ రాత్రి అగ్గిపుల్లలో పెన్సిళ్లో బయటికి వస్తాయి. చదువుకోని తాతయ్య కూడా ఆ ఆటలో కూర్చోగలడు. రెండు వాక్యాలూ ఒకే పాఠం గురించే. మొదటిది సిలబస్‌ను చెబుతుంది, రెండోది పిల్లలు చేసిన పనిని చెబుతుంది. ఏ సబ్జెక్టుకైనా ఇదే కొలత వాడొచ్చు: చదివిన మనిషికి పిల్లను అడగడానికి ఒక ప్రశ్న దొరికిందా లేదా?

ఎన్ని, ఎప్పుడు

ఎక్కువ పంపితే ఎక్కువ మేలు అనుకోవడం సహజం. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ యార్క్, సుసానా లోబ్ రూపొందించిన ‘రెడీ ఫర్ కె’ అనే కార్యక్రమం ఈ విషయంలో మంచి పాఠం చెప్పింది. ప్రీస్కూల్ పిల్లల తల్లిదండ్రులకు విద్యా సంవత్సరం పొడవునా వారానికి మూడు చిన్న మెసేజ్‌లు వెళ్లేవి. ఒకటి ఒక విషయం ఎందుకు ముఖ్యమో చెప్పేది, ఒకటి ఇంట్లో చేయదగ్గ చిన్న పని, మరొకటి ఆ పనిని ముందుకు తీసుకెళ్తూ వెన్నుతట్టేది. తర్వాతి పరిశోధనలో వారానికి ఒకటి, మూడు, ఐదు మెసేజ్‌లు పంపి పోల్చారు. తల్లిదండ్రుల అలవాట్ల విషయంలో ఒకటి చాల్లేదు, ఐదు కూడా మూడింటి కన్నా మెరుగ్గా పనిచేయలేదు. మూడు అనే అంకెను అన్ని బడులూ పట్టుకోవాలని కాదు. కబురు కరువైనా, కబురు వరద అయినా ఇల్లు వినడం మానేస్తుందని దీని అర్థం.

గ్రూపుల్లో రోజుకు నలభై మెసేజ్‌లు వచ్చే చోట జరుగుతున్నది ఇదే. గుడ్ మార్నింగ్ బొమ్మలు, ధన్యవాదాలు, చేతులు జోడించిన గుర్తులు, మధ్యలో ఎక్కడో ‘రేపు రంగు పెన్సిళ్లు తేవాలి’ అన్న ఒక్క లైను. మర్నాడు పెన్సిళ్లు లేకుండా వచ్చిన పిల్ల తలదించుకుంటుంది. తప్పు ఆ పిల్లది కాదు, వాళ్ల అమ్మదీ కాదు. తేవాల్సిన వస్తువులకు ఒక దారి, తరగతి కబుర్లకు ఒక దారి, అత్యవసరానికి ఇంకో దారి వేరుగా ఉండాలి. అత్యవసరం దారిలో ఇంకేదీ వెళ్లకూడదు.

జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి చూస్తే ఈ విభజన ఎంత సులువో తెలుస్తుంది. అక్కడ ప్రతి పిల్లకూ ‘రెన్‌రాకుచో’ అనే నోటుబుక్కు ఉంటుంది. సంప్రదింపుల పుస్తకం అన్నమాట. రేపటి పాఠాలు, హోమ్‌వర్క్, తేవాల్సిన వస్తువులు బోర్డు మీద చూసి పిల్లలే అందులో ఎక్కించుకుంటారు. ఇంట్లోవాళ్లు చూసి సంతకమో ముద్రో వేస్తారు, చెప్పాల్సింది ఉంటే అందులోనే రాసి పంపుతారు. తరగతి కబుర్ల కోసం ‘గక్క్యూ త్సూషిన్’ అనే చిన్న పత్రిక వేరుగా ఉంటుంది. దాన్ని క్లాస్ టీచర్ తన ఓపికను బట్టి తీస్తారు. కొందరు నెలకొకటి, కొందరు దాదాపు రోజూ. ఇవి కాక ‘జుగ్యో సన్‌కాన్’ రోజుల్లో తల్లిదండ్రులు వచ్చి గది వెనక నిలబడి మామూలు పాఠం చూస్తారు. ఈ మధ్య అక్కడ కూడా చాలా బడులు యాప్‌లకు మారుతున్నాయి. అయినా ఆ నోటుబుక్కులో ఉన్న ఒక గుణాన్ని పోగొట్టుకోకూడదు. కబురు మోసేది పిల్ల. రాసుకున్నది కూడా తనే. ఏడేళ్లకే తన రోజుకు తను బాధ్యురాలు. యాప్ నేరుగా అమ్మ ఫోన్‌కు చేరినప్పుడు మధ్యలోంచి పిల్ల తప్పుకుంటుంది, తనకు తెలియకుండానే తన గురించి అంతా తెలిసిపోతుంది.

ఎవరి చేతికి అందుతోంది

పంపడం వేరు, చేరడం వేరు. వాషింగ్టన్ నగరంలోని పై తరగతుల బడుల్లో పీటర్ బెర్గ్‌మన్, జెస్సికా లాస్కీ ఫింక్, టాడ్ రోజర్స్ చేసిన ప్రయోగం 2020లో అచ్చయింది. పిల్లల హాజరు, మార్కులు, ఇవ్వని హోమ్‌వర్క్ గురించి తల్లిదండ్రుల ఫోన్‌కు మెసేజ్ పంపే ఏర్పాటు అది. వెబ్‌సైట్‌లోకి వెళ్లి నమోదు చేసుకోమని చెప్పిన గుంపులో చేరినవాళ్లు 1 శాతం దాకానే ఉన్నారు. ఒక్క మెసేజ్‌తో జవాబిస్తే చాలు అన్నప్పుడు సుమారు 8 శాతం. అందర్నీ ముందే చేర్చేసి, వద్దనుకుంటే మానేయొచ్చని చెప్పినప్పుడు 95 శాతానికి పైగా మిగిలారు. మొదటి గుంపు తల్లిదండ్రులకు పిల్లల మీద పట్టింపు లేదని ఎవరైనా అంటే అది అన్యాయం. కష్టమైన మెట్టు దారిలో ఉంది, అంతే తేడా. ‘మేం పెట్టాం, వాళ్లే చూడరు’ అనే బడి ముందు ఆ మెట్టు ఎంత ఎత్తుందో చూసుకోవాలి.

మెట్టు ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది. చదవడం రాని అమ్మకు ఎంత చక్కటి అక్షరాలైనా గోడే. ఆమెకు అరనిమిషం వాయిస్ మెసేజ్ కావాలి. బడి భాష ఇంటి భాష కాని కుటుంబానికి అనువాదం కావాలి, పిల్లనే అనువాదకురాలిగా పెట్టడం మంచిది కాదు, ముఖ్యంగా ఆ కబురు పిల్ల గురించే అయినప్పుడు. రాత్రి షిఫ్టు చేసే నాన్న మధ్యాహ్నం ఫోన్ ఎత్తడు. ఎక్కడో దూరాన పని చేసే అమ్మానాన్నల బదులు అమ్మమ్మ పెంచుతున్న ఇంట్లో, బడి రికార్డులోని నంబరు ఇంకెవరిదో. విడిపోయిన దంపతుల ఇంట్లో కబురు ఒకరికే చేరి రెండోవాళ్లకు అందదు, ఆ ఖాళీని నింపే బరువు పిల్ల మీద పడుతుంది. ఏడాది మొదట్లో ఒక్క ప్రశ్న అడిగితే వీటిలో సగం తీరుతుంది: ‘మీ పాప సంగతి ఎవరికి, ఎలా, ఏ వేళకు చెబితే మీకు వీలు?’

చేదు కబురు

కొన్ని కుటుంబాలకు బడి నుంచి ఫోన్ వచ్చిందంటేనే గుండె ఝల్లుమంటుంది. ఎందుకంటే ఫిర్యాదుకు తప్ప ఎప్పుడూ రాలేదు. అలాంటి ఇంటికి మంచి కబురు ముందుగా చేరి ఉండాలి. పొగడ్త అక్కర్లేదు. ‘ఈ రోజు మీ వాడు కింద పడ్డ పిల్లను లేపి నీళ్లిచ్చాడు’ అని చూసినది చూసినట్టు చెబితే చాలు. ఆ ఒక్క మాట ఉన్న చోట, రెండు నెలల తర్వాత కష్టమైన మాట చెప్పాల్సి వచ్చినప్పుడు అవతలివాళ్లు వింటారు.

దెబ్బ తగిలినా, గొడవ జరిగినా పిల్ల ఇంటికి చేరకముందే ఫోన్ వెళ్లాలి. ఏం జరిగింది, ఎప్పుడు, వెంటనే ఏం చేశాం, ఇప్పుడు ఎలా ఉంది, రేపు ఏం చేస్తాం. ఆ వరసలో, ఊహలు కలపకుండా. ఇంకో పిల్ల పేరు బయటికి రాకూడదు. గ్రూపులో అసలే పెట్టకూడదు. ఒక పిల్ల తప్పును అందరి ముందు రాయడం తరగతిలో నిలబెట్టి అవమానించడం కన్నా ఎక్కువ, ఎందుకంటే రాసింది చెరిగిపోదు.

హాజరు సంగతి వేరు. రోజుకొకటి చొప్పున జారిపోయే సెలవులు ఎన్నయ్యాయో ఇంట్లో ఎవరూ లెక్క పెట్టరు. ఫిలడెల్ఫియాలో టాడ్ రోజర్స్, అవీ ఫెల్లర్ 28,000 పైచిలుకు ఇళ్లతో చేసిన ప్రయోగం 2018లో అచ్చయింది. ఎక్కువ సెలవులు పెట్టే పిల్లల తల్లిదండ్రులు ఆ లెక్కను నిజం కన్నా చాలా తక్కువగా అనుకుంటున్నారని తేలింది. అసలు సంఖ్య రాసి మామూలు పోస్టులో ఉత్తరాలు పంపితే, దీర్ఘకాలిక గైర్హాజరు 10 శాతం లేదా అంతకు మించి తగ్గింది. తిట్టలేదు, బెదిరించలేదు, సంఖ్య చెప్పారు.

టీచర్ చేతులు రెండే

ఇంత చెప్పాక టీచర్ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. ఒక్కో పిల్ల గురించి రోజుకు రెండు నిమిషాలు రాసినా ముప్పై మందికి గంట. ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది? చాలాచోట్ల పాఠంలోంచి, లేదా టీచర్ రాత్రి నిద్రలోంచి వస్తోంది. ఫోన్ పట్టుకుని ఫోటోలు తీస్తున్న టీచర్, ఆ నిమిషంలో పిల్లల కళ్లలోకి చూడటం లేదు. తల్లిదండ్రులు ఫోటోలు ఇంకా కావాలని అడిగే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇటలీలోని రెజ్జో ఎమీలియా నగరం శిశు పాఠశాలలు, లోరిస్ మాలగుజ్జి మార్గదర్శనంలో ఎదిగినవి, పిల్లల మాటల్నీ పనుల్నీ రాసి, ఫోటోలతో గోడల మీద పెట్టే పద్ధతికి పేరుపడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో అక్కడి ఊళ్లో జనం, వెళ్లిపోయిన జర్మన్ సేన వదిలేసిన ట్యాంకు, ట్రక్కులు, గుర్రాలు అమ్మిన డబ్బుతో బడి కట్టుకోవడంతో ఆ కథ మొదలైంది. కట్టిందే తల్లిదండ్రులు కాబట్టి లోపల ఏం జరుగుతోందో వాళ్లకు తెలియడం అక్కడ దయ కాదు, హక్కు. అవి ఆరేళ్ల లోపు పిల్లల బడులు, టీచర్లకు తోడుగా కళల గురువు కూడా ఉంటారు. అందుకని పెద్ద ప్రాథమిక తరగతికి అంతా అలాగే తెచ్చుకోలేం. తెచ్చుకోగలిగింది ఒకటుంది. అక్కడి గోడ మీద ‘ముప్పై మందీ బొమ్మలు గీశారు’ అని ఉండదు. ఒక పిల్ల నీడ గురించి అడిగిన ప్రశ్న ఆ పిల్ల మాటల్లోనే ఉంటుంది. అందరి గురించి ఏదో ఒకటి రాయడం కన్నా, రోజుకు ఒక నిజమైన క్షణాన్ని పట్టుకోవడం తేలిక, చదివేవాళ్లకు ఇష్టం కూడా. నెల తిరిగేసరికి ప్రతి పిల్లా ఒక్కసారైనా అందులోకి వచ్చేలా చూసుకుంటే చాలు.

ఫోటోల దగ్గర ఇంకో మాట. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం పిల్లలకూ ఏకాంత హక్కు ఉందని చెబుతుంది. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఐరోపా డేటా చట్టం పిల్లల సమాచారానికి ప్రత్యేక రక్షణ కావాలంటుంది. ఇంట్లోవాళ్ల సంతకం ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎనిమిదేళ్ల పిల్లను ‘ఇది పంపనా?’ అని అడగడానికి రెండు క్షణాలు పడుతుంది. వద్దంటే పంపకూడదు. క్లాసులో కెమెరా పెట్టి రోజంతా చూపించే ఏర్పాటు ఇంకా దారుణం. అది చూసిన తల్లికి అడగడానికి ఏమీ మిగలదు, పిల్లకు చెప్పడానికీ ఏమీ మిగలదు. బడి పిల్లల సొంత లోకం, అందులో కొంత వాళ్లు చెబితేనే బయటికి రావాలి.

ఇంటి నుంచి బడికి

ఇంటి నుంచి బడికి వచ్చే కబురు గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. రాత్రి పాప సరిగ్గా నిద్రపోలేదు, తమ్ముడు పుట్టాడు, నాన్న ఊరెళ్లాడు, పెంపుడు కుక్క చనిపోయింది. ఇవి తెలిసిన టీచర్ ఆ రోజు తప్పిన లెక్కను వేరే కళ్లతో చూస్తారు. అరిజోనాలోని టూసాన్‌లో లూయిస్ మోల్, ఆయన సహచరులు 1992లో అచ్చువేసిన పరిశోధనలో టీచర్లు పిల్లల ఇళ్లకు నేర్చుకోవడానికి వెళ్లారు. మెక్సికో మూలాలున్న శ్రామిక కుటుంబాలవి. వ్యవసాయం, గనులు, ఇళ్ల మరమ్మతు, మందుమొక్కలు, వ్యాపారం గురించి ఆ ఇళ్లలో ఎంత తెలుసో చూసి ఆశ్చర్యపోయారు. మెక్సికో నుంచి తెచ్చిన మిఠాయిలు చుట్టుపక్కల అమ్ముతున్న ఒక పిల్లవాణ్ని చూసిన టీచర్ తరగతిలో మిఠాయి మీదే పాఠాలు నడిపారు. ఆ ఇంటికి ఎవరూ వెళ్లకపోయి ఉంటే ఆ పాఠం పుట్టేది కాదు.

ఖర్చు లేని ఏర్పాటు ఒకటుంది. రోజు చివరి ఐదు నిమిషాల్లో టీచర్ పిల్లల్నే అడగొచ్చు: ‘ఈ రోజు సంగతి ఇంటికి ఏం రాద్దాం?’ పది చేతులు లేస్తాయి. గింజకు వేరు వచ్చిందని ఒకరు, కథలో ఏనుగు తప్పిపోయిందని ఒకరు, వాన పడి ఆటల పీరియడ్ పోయిందని ఒకరు. ఒకటి ఎంచి బోర్డు మీద రాస్తే పెద్ద పిల్లలు ఎక్కించుకుంటారు, ఒకటో తరగతివాళ్లు బొమ్మ గీసుకుంటారు. పక్క పేజీ ఖాళీగా వదిలితే ఇంట్లోవాళ్లు తమ కబురు రాసి పంపుతారు. రాయలేనివాళ్లది పొద్దున పిల్లే వచ్చి చెబుతుంది. జ్వరంతో బడికి రాని పిల్ల కోసం ఆ వాక్యాన్ని ఇంకొకరు రెండోసారి రాసి, సాయంత్రం వెళ్తూ వెళ్తూ వాళ్లింట్లో ఇచ్చి వెళ్తారు.